వరిగడ్డి రోల్స్‌ని ఏడాది పొడవునా పాడవకుండా నిల్వ చేసుకోవడం ఎలా?

వరికోత మిషన్లు వచ్చాక ఊళ్లలో గడ్డివాము వేయడం తెలిసినవాళ్లు కరువైపోయారు. మిషన్ వెనకాల వరసగా పడిన గడ్డిని ట్రాక్టర్ బేలర్‌తో రోల్స్‌గా కట్టించి ఇంటికి తోలుకోవడమే ఇప్పుడు అందరి పద్ధతి. పని సులువైంది, కూలీ ఖర్చు తగ్గింది. అయితే పాత వాములో ఉన్న ఒక రక్షణ ఈ రోల్‌లో లేదు. వాము వేసేవాళ్లు పరకలు బయటివైపుకి వాలేలా పేర్చి, నడినెత్తిన కొప్పు పెట్టేవాళ్లు. ఎంత వాన కురిసినా నీళ్లు పైపైనే జారిపోయేవి. రోల్‌లో పరక గుండ్రంగా చుట్టుకుని ఉంటుంది కాబట్టి పైన పడిన నీళ్లలో కొంత జారినా మిగిలింది లోపలికి ఇంకుతుంది. అడుగునేమో నేలలోని చెమ్మను గడ్డి పీల్చుకుంటుంది. మే నెలలో పసుపుపచ్చగా, కమ్మటి వాసనతో ఉన్న గడ్డి ఆగస్టు వచ్చేసరికి అడుగున నల్లగా ముద్దకట్టి కనిపించేది అందుకే.

దీనికి చాలామంది ఆలోచించే మందు ఒకటే: ప్లాస్టిక్ కవరుతో గట్టిగా చుట్టేయడం. ఎండుగడ్డి విషయంలో ఇది మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది. ఎండుగడ్డికి గాలి ఆడాలి. పచ్చిగడ్డికి, యూరియా పట్టించిన గడ్డికి గాలి తగలకూడదు. ఈ తేడా పట్టుకుంటే ఏ రోల్‌ని కప్పాలో, దేన్ని చుట్టాలో మీకే తెలిసిపోతుంది.

ఎంత గడ్డి కావాలి, ఏ సైజు రోల్ మంచిది?

పచ్చిమేత, దాణా కూడా పెడుతూ ఒక పెద్ద గేదెకి రోజుకి 5 కిలోల ఎండుగడ్డి వేస్తారనుకుందాం. ఏడాదికి 1,825 కిలోలు. మన దగ్గర ఎక్కువగా తిరిగే చిన్న బేలర్ రెండడుగుల మందం, మూడడుగుల పొడవు ఉండే రోల్ కడుతుంది. దాని బరువు సుమారు 20 కిలోలు. అంటే గేదెకి 90కి పైగా రోల్స్. అయిదు గేదెలుంటే 460 దాకా అవుతాయి, తరుగు కూడా చూసుకుని 500 పెట్టుకోవాలి. నాలుగడుగుల మందం, నాలుగడుగుల వెడల్పు ఉండే పెద్ద రోల్ అయితే వరిగడ్డితో 150 కిలోలు దాటుతుంది. దాన్ని మనుషులు ఎత్తలేరు, ట్రాక్టర్‌కి లోడర్ ఉండాల్సిందే.

రోల్ సైజుని బట్టి నష్టం ఎలా మారుతుందో చూడండి. తడిసి పాడయ్యేది ఎప్పుడూ బయటి పొరే. ఆ పొర చూడ్డానికి పలచగా అనిపిస్తుంది కానీ గుండ్రటి రోల్‌లో ఎక్కువ గడ్డి ఉండేది అక్కడే. నాలుగడుగుల, అంటే 120 సెంటీమీటర్ల రోల్‌కి చుట్టూ 10 సెంటీమీటర్లు కుళ్లితే మూడో వంతుకి కాస్త తక్కువ, 31 శాతం గడ్డి పోయినట్టే. రెండడుగుల చిన్న రోల్‌కి అదే 10 సెంటీమీటర్లు కుళ్లితే పోయేది 55 శాతం. సగానికి పైనే! ఆరుబయట కప్పకుండా వదిలేసే అలవాటు ఉన్నవాళ్లు చిన్న రోల్స్‌తో చాలా నష్టపోతారు. చిన్న రోల్స్ కట్టిస్తే షెడ్డో టార్పాలినో తప్పనిసరి అనుకోండి.

కట్టించే ముందు: ఆరుదల

నిల్వ బాగుండాలంటే పని పొలంలోనే మొదలవ్వాలి. హార్వెస్టర్ డ్రైవర్‌తో ముందే మాట్లాడి, గడ్డిని ముక్కలు చేసి చల్లకుండా వరసగా వదలమనాలి. తడి మడిలో చైన్ మిషన్ తిరిగిన చోట బురదలో కూరుకుపోయిన గడ్డిని బేలర్‌కి ఎక్కించొద్దు. మట్టి పట్టిన గడ్డి చెమ్మను వదలదు. రోల్ మధ్యలో అలాంటి గుప్పెడు గడ్డి ఉన్నా అక్కణ్నుంచే బూజు మొదలవుతుంది.

యాసంగి లేదా దాళ్వా గడ్డి ఏప్రిల్, మే ఎండలకి రెండు మూడు రోజుల్లో ఆరిపోతుంది. ఏడాదికి సరిపడా దాచుకోవాలంటే ఈ గడ్డే మంచిది. వానాకాలం పంట గడ్డికి మంచు, తుపాను రెండూ బెడదే. దానికి మరిన్ని రోజులు పడుతుంది, మధ్యలో ఒకసారి వరసల్ని తిరగేయాలి. ఆ సీజన్‌లో పొద్దున్నే బేలర్ పెట్టించొద్దు. మంచు పూర్తిగా ఆరి, పదకొండు గంటలు దాటాక మొదలుపెట్టి, సాయంత్రం గడ్డి మళ్లీ మెత్తబడే లోపు ఆపేయాలి. బేలర్ దొరకడమే కష్టంగా ఉండే సీజన్‌లో డ్రైవర్‌ని ఆగమనడం ఇబ్బందే. అయినా ఆపండి, ఈ ఒక్క పూట తొందర ఏడాదంతా మీ గేదెల మేత మీద పడుతుంది.

గడ్డిలో తేమ 15 శాతానికి మించకుండా ఉంటే పెద్ద రోల్ అయినా భద్రంగా ఉంటుంది. 20 దాటితే బూజు, వేడి రెండూ వస్తాయి. తేమ మీటర్ లేకపోయినా ఇంట్లోనే చూసుకోవచ్చు. వరసలో అడుగు నుంచి, మధ్య నుంచి, పై నుంచి కాస్త కాస్త గడ్డి తీసి చిన్న ముక్కలు చేసి సరిగ్గా 100 గ్రాములు తూచండి. మూకుడులో సన్నటి సెగ మీద మాడకుండా తిప్పుతూ ఆరబెట్టి, బరువు ఇక తగ్గట్లేదు అనిపించే దాకా మధ్యమధ్యలో తూస్తూ ఉండండి. చివరికి 86 గ్రాములు తూగితే తేమ 14 శాతం. ఎన్ని గ్రాములు తగ్గిందో అంత శాతం, వేరే లెక్క అక్కర్లేదు.

పొలంలో చూసే పద్ధతి ఇంకా తేలిక. పరక మధ్య భాగం ముందు ఆరుతుంది, కణుపు ఆఖర్న ఆరుతుంది. అందుకని పరకను విరిచి చూసి సరిపెట్టుకోవద్దు. కణుపుని గోటితో నొక్కండి. మెత్తగా దిగి గోరుకి చెమ్మ తగిలితే ఇంకో ఎండ కావాలి. కణుపు గట్టిగా ఉండి, గుప్పెడు గడ్డిని మెలితిప్పితే పటపటా విరిగితే బేలర్‌ని పిలవొచ్చు.

తాడా, నెట్టా?

చిన్న బేలర్లలో ఎక్కువగా తాడే ఉంటుంది. పెద్ద వాటిలో నెట్, అంటే ప్లాస్టిక్ వల కూడా ఉంటుంది. నెట్ రోల్‌ని వెడల్పంతా పట్టుకుని రెండు మూడు చుట్లలో పని ముగిస్తుంది, పై పొర నున్నగా ఉండి నీళ్లు కొంత మెరుగ్గా జారతాయి. తాడు చుట్టించేటప్పుడు వరసల మధ్య దూరం జానెడు కంటే తక్కువ ఉండేలా చూడమనండి. పొదుపు కోసం మూడు నాలుగు చుట్లతో సరిపెడితే లారీలో ఎక్కించి దించే సరికే రోల్ వదులైపోతుంది. వదులు రోల్ కూర్చున్నచోట చదునుగా అణిగి, నేలకి ఎక్కువ ఆనుతుంది, ఎక్కువ చెమ్మ తీసుకుంటుంది. రోల్ మీద బొటనవేలితో గట్టిగా నొక్కితే వేలు లోపలికి దిగకూడదు. దిగుతుంటే డ్రైవర్‌తో చెప్పి బిగువు పెంచమనాలి.

జనపతాడు నేల తగిలిన చోట కుళ్లి తెగుతుంది. ప్లాస్టిక్ తాడు తెగదు కానీ మేత వేసేటప్పుడు దాన్ని ముక్క కూడా మిగలకుండా తీయాలి. దీని గురించి చివర్లో మళ్లీ చెబుతాను.

చోటు, అడుగు భాగం

టార్పాలిన్ మీద పెట్టే ఖర్చులో సగం అడుగు మీద పెట్టండి. పైనుంచి తడిసిన రోల్ ఎండ కాస్తే కొంతైనా ఆరుతుంది. కింద నుంచి చెమ్మెక్కిన రోల్‌కి ఆ అవకాశం లేదు, కుళ్లుతున్నట్టు మీకు కనబడదు కూడా.

చోటు కాస్త మెరకగా, వాన నీళ్లు దూరంగా పారేలా ఉండాలి. చెట్టు కింద వద్దు. వాన ఆగాక కూడా గంటల తరబడి చెట్టు నుంచి చుక్కలు పడుతూనే ఉంటాయి, పైగా ఎండ తగలదు. కరెంటు తీగల కింద అసలు వద్దు. కొట్టానికీ ఇంటికీ ఆనించి పెట్టొద్దు. ఉన్న గడ్డంతా ఒకే చోట పెట్టకుండా రెండు కుప్పలు చేసి మధ్యలో కనీసం 15 మీటర్లు వదిలితే, నిప్పంటుకున్నా సగం మేత మిగులుతుంది. ఎండాకాలంలో ఒక బీడీ ముక్క చాలు, ఊళ్లో ప్రతి ఏడూ ఎవరి గడ్డో ఒకరిది కాలుతూనే ఉంటుంది. కుప్ప దగ్గర రెండు డ్రమ్ముల నీళ్లు, కొంత ఇసుక ఉంచండి. అగ్నిమాపక కేంద్రం నంబరు 101.

నల్లరేగడి నేల అయితే చెమ్మను నెలల తరబడి పట్టి ఉంచుతుంది. దాని మీద అరడుగు మందాన మొరం గానీ కంకర గానీ పోయించి, చుట్టూ అడుగు లోతు కాలవ తీయించాలి. ఆ పైన రాళ్లు పేర్చి, రాళ్ల మీద తాటి దుంగలో సరుగుడు కర్రలో అడ్డంగా పరవాలి. నేలకీ గడ్డికీ మధ్య జానెడు ఖాళీ ఉండి గాలి అటూ ఇటూ పారాలి. పాత టైర్లు వరసగా పరిచినా పనిచేస్తాయి. నేల మీద పాలిథిన్ షీట్ పరిచి దాని మీదే రోల్స్ పెట్టడం చాలా చోట్ల చూస్తున్నాం. షీట్ కింద నుంచి వచ్చే చెమ్మను ఆపుతుంది, నిజమే. కానీ పక్కల నుంచి జారిన వాన నీళ్లు దాని మీదే నిలిచి అడుగు వరస నానిపోతుంది. షీట్ వేసినా దాని పైన కర్రలు తప్పవు.

రాళ్ల మీద ఎత్తు పెట్టడంలో ఇంకో లాభం ఉంది. చెదలు మట్టి గొట్టాలు కట్టుకుంటూ పైకి పాకుతాయి. గడ్డి నేల మీదే ఉంటే అవి మీకు కనబడవు. రాళ్ల మీద ఉంటే వేలెడు వెడల్పు మట్టి చారలు రాయి మీదే కనిపిస్తాయి. వారానికోసారి వంగి చూసి గీకేస్తే చాలు. మేత గడ్డి మీద మాత్రం చెదల మందు చల్లే ఆలోచనే చేయొద్దు. ఆ మందు పాలలోకి వస్తుంది.

పేర్చడం, కప్పడం

ఎండు రోల్స్‌ని పడుకోబెట్టి పేర్చాలి, చదునైన ముఖాలు ఒకదానికొకటి ఆనేలా. కప్పని రోల్‌ని నిలబెడితే పైకి వచ్చిన చదును ముఖం వాన నీళ్లను తిన్నగా లోపలికి తాగుతుంది. పెద్ద రోల్స్ అయితే కింద మూడు, వాటి సందుల మీద రెండు, పైన ఒకటి వస్తే ఇంటి కప్పు వాలు దానంతట అదే వస్తుంది. నాలుగడుగుల రోల్స్‌తో ఇలా పేరిస్తే ఎత్తు 11 అడుగులు అవుతుంది. అడ్డంగా 24 అడుగుల వెడల్పు టార్పాలిన్ వేస్తే రెండు పక్కలా కింద అడుగు ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ ఉండాలి, అక్కడి నుంచే గాలి లోపలికి వెళ్లేది. చిన్న రోల్స్‌నీ ఇదే వాలుతో, అడుగున ఏడెనిమిది పెట్టి పైకి వెళ్లే కొద్దీ తగ్గించుకుంటూ పోవాలి. అడుగు వరస రెండు చివర్లా రాళ్లో గుంజలో అడ్డు పెట్టకపోతే కుప్ప దొర్లుతుంది. పిల్లలు గడ్డి మీద ఎక్కి ఆడతారు, ఈ జాగ్రత్త మాత్రం మరవొద్దు.

టార్పాలిన్ 250 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 250 గ్రాములు) మందం, ఎండకి తట్టుకునే రకం తీసుకోండి. పలచటి నీలం కవర్లు ఒక ఎండాకాలానికే పెళుసెక్కి చిరుగుతాయి. కప్పేటప్పుడు రెండు పక్కలూ కిందకి లాగి కట్టి, కుప్ప రెండు కొసలూ తెరిచే ఉంచాలి. టార్పాలిన్ నేలను తాకేలా చుట్టూ మూసేస్తే పగటి వేడికి గడ్డిలోని తేమ ఆవిరై పైకి చేరి, రాత్రి చల్లబడి కవరు లోపలి వైపు చుక్కలు కడుతుంది. తెల్లారి టార్పాలిన్ ఎత్తి చూస్తే పై వరస తడిసి ఉంటుంది. వాన పడకుండానే తడిసిందేంటా అని చాలామంది అనుకునేది దీని గురించే. నడినెత్తిన, టార్పాలిన్‌కీ గడ్డికీ మధ్య పొడవునా రెండు వెదుళ్లు పెడితే ఆవిరి పోవడానికి దారి దొరుకుతుంది.

కట్టడానికి మేకులు, రంధ్రాలు వద్దు. టార్పాలిన్ మీదుగా తాళ్లు వేసి రెండు చివర్లా ఇసుక బస్తాలో టైర్లో వేలాడదీయండి. గడ్డి అణిగే కొద్దీ బరువే తాడుని బిగిస్తుంది. కోస్తాలో తుపాను గాలులకి పైన పాత చేపల వల పరిచి కడితే టార్పాలిన్ రెపరెపలాడి చిరగదు.

మొదటి ఆరు వారాలు

పేర్చేసి వెళ్లిపోవద్దు. చెమ్మ మిగిలిన గడ్డి వేడెక్కేది మొదటి ఆరు వారాల్లోనే. థర్మామీటర్ లేకపోతే గడ్డపార చాలు. రోల్ చదును ముఖంలోంచి మధ్య దాకా దింపి, ఇరవై నిమిషాలు ఆగి బయటికి లాగి కొసను పట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే భయం లేదు. పట్టుకోలేనంత కాలుతుంటే లోపల 60 డిగ్రీలు దాటిందని అర్థం. ఆ పరిస్థితిలో టార్పాలిన్ తీసేసి, రోల్స్‌ని విడివిడిగా ఎడంగా పెట్టేయాలి. పంచదార పాకం మాడినట్టు వాసన వస్తున్నా, పొగ కనిపిస్తున్నా మాత్రం కుప్పను కదపొద్దు. గాలి తగలగానే భగ్గుమంటుంది. ముందు ఫైరింజన్‌ని పిలిచి, నీళ్లు సిద్ధంగా ఉంచుకున్నాకే చేయి వేయాలి.

ఫిల్మ్ చుట్టాల్సింది దేనికి?

తెల్లగా, పచ్చగా మెరుస్తూ కనిపించే సాగే ప్లాస్టిక్ ఫిల్మ్ పచ్చిమేత కోసం తయారైంది. సూపర్ నేపియర్ అనే పశుగ్రాసం, జొన్న, మొక్కజొన్న లాంటివి చెమ్మతో ఉండగానే గాలి తగలకుండా బిగిస్తే పులిసి సైలేజ్ అవుతాయి. పులుపే దాన్ని కుళ్లకుండా కాపాడుతుంది. గాలి దూరితే ఆ పులుపు నిలవదు.

కోసిన గడ్డిని రోల్ కట్టాలంటే ఒక పూట నుంచి ఒక రోజు వరకు వాడనిచ్చి తేమ 50 శాతం దగ్గరికి తేవాలి. నేపియర్‌లో నీరు ఎక్కువ, తీపి తక్కువ, కాబట్టి వాడబెట్టకుండా కడితే పులియడానికి బదులు కుళ్లి కంపు కొడుతుంది. మొక్కజొన్న అయితే గింజ పాలు గట్టిపడే దశలో కోసి, అర అంగుళం ముక్కలు చేసి, 65 నుంచి 70 శాతం తేమతోనే కట్టొచ్చు. కట్టిన రోజే ఫిల్మ్ చుట్టాలి, వానలో చుట్టొద్దు. రోల్‌ని పొలంలో చుట్టి తీసుకురావడం కన్నా నిల్వ చేసే చోటికి తెచ్చి చుట్టడం మేలు, ఎత్తి దించేటప్పుడే ఎక్కువ చిల్లులు పడతాయి.

ఫిల్మ్ 25 మైక్రాన్లు ఉంటుంది. మన ఎండలకి ఆరు పొరలు వేయించండి. పొరలు ఎన్ని పడ్డాయో లెక్క ఇలా: ప్రతి చుట్టూ ముందు చుట్టు మీద సగం ఎక్కాలి. రోల్ మొత్తం మొదటిసారి మూసుకోవడానికి ఎన్ని తిప్పులు పట్టాయో లెక్కపెట్టి, దానికి ఒకటి కలిపి, మూడుతో గుణిస్తే ఆరు పొరలు. ఫిల్మ్ సాగుదల కూడా చూసుకోవాలి. చుట్టకముందు ఫిల్మ్ మీద 10 సెంటీమీటర్ల దూరంలో రెండు గీతలు పెట్టండి, రోల్ మీదకి ఎక్కాక వాటి మధ్య దూరం 17 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. ఎండలో పెట్టిన ఫిల్మ్ ఇంతకంటే ఎక్కువ సాగి పలచబడుతుంది, అందుకే నీడలో దాచి, పొద్దున గానీ సాయంత్రం గానీ చుట్టించాలి.

ఇవి ఎండు రోల్స్‌లా కాదు, నిలబెట్టే పెట్టాలి, చదును ముఖాల మీదే ఎక్కువ పొరలు ఉంటాయి కాబట్టి. కాకి ముక్కుతో పొడిచినా, ఎలుక కొరికినా ఆ రోజే సైలేజ్ టేపుతో అతికించాలి. మామూలు ప్లాస్టర్ ఎండకి ఊడిపోతుంది. ఆరు వారాలు ఆగి తెరవండి. తెరిచాక మన వేడికి రెండు మూడు రోజుల్లో వాడేయాలి. నాలుగడుగుల పచ్చి రోల్ 500 కిలోలు దాటుతుంది. రెండు గేదెలున్న ఇంట్లో దాన్ని తెరిస్తే సగం పారేయాల్సి వస్తుంది. అలాంటివాళ్లు చిన్న సైలేజ్ బేళ్లు కొనుక్కోవడమే మంచిది.

వరిగడ్డికి ప్లాస్టిక్ బిగించే సందర్భం ఒకటుంది, అది యూరియా పట్టించినప్పుడు. వంద కిలోల గడ్డికి, అంటే అయిదు చిన్న రోల్స్‌కి, 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. రోల్ మీద పోస్తే ద్రావణం పక్కల నుంచి కారిపోతుంది తప్ప లోపలికి సమంగా పట్టదు. తాడు తీసి విప్పి, పలచగా పరిచి, సన్నధారగా చల్లుతూ, తొక్కుతూ పొర మీద పొర వేయాలి. పైన పాలిథిన్ కప్పి అంచుల మీద మట్టి వేసి 21 రోజులు మూసి ఉంచాలి. 3, 4 శాతం ఉండే మాంసకృత్తుల విలువ దీంతో సుమారు రెట్టింపవుతుంది, గడ్డి మెత్తబడి పశువు ఇష్టంగా తింటుంది. తీసిన గడ్డిని ఆ రాత్రంతా గాలికి ఆరబెట్టి ఘాటు పోయాక వేయండి. ఆరు నెలల లోపు దూడలకి వద్దు. కలిపిన యూరియా నీళ్ల దగ్గరికి ఏ పశువునీ రానివ్వొద్దు, తాగితే గంటల్లో ప్రాణం పోతుంది.

తీసి వాడేటప్పుడు

వానాకాలం పంట గడ్డి ముందు వాడి, యాసంగి గడ్డి ఆఖరికి ఉంచుకోండి. పై వరస నుంచి, తెరిచి ఉన్న కొస నుంచి కొక్కెంతో లాగాలి. గడ్డిలో గింజలు మిగిలి ఉంటే ఎలుకలు చేరతాయి, ఎలుకల వెనకే పాములు. చెప్పులు, చేతిలో కర్ర, చీకటైతే టార్చ్ లేకుండా కుప్పలో చేయి పెట్టొద్దు.

రోల్ విప్పగానే తెల్లటి పొడి దుమ్ములా లేచి ముక్కు ఘాటెక్కితే అది బూజు. ముక్కుకి గుడ్డ కట్టుకుని ఆ పొరలు తీసేయండి, ఆ దుమ్ము మనిషి ఊపిరితిత్తులకీ మంచిది కాదు. ఎండబెడితే పోతుందిలే అని పశువుకి వేయొద్దు. ఎండకి బూజు చచ్చినా అది వదిలిన విషం గడ్డిలోనే ఉంటుంది. ఉత్తరాదిలో చలికాలంలో గేదెలకి వచ్చే డెగ్నాలా జబ్బు ఇలాంటి బూజు పట్టిన వరిగడ్డి వల్లే వస్తుంది. చెవుల కొసలు, తోక చివర, కాళ్లు నల్లబడి కుళ్లిపోతాయి. మీ పశువులో ఆ లక్షణాలు కనబడితే ముందు ఆ గడ్డి ఆపేసి పశువైద్యుణ్ని పిలవండి. పాడైన గడ్డి పెంట కుప్పలోకి వెళ్తే ఎరువవుతుంది, వృథా కాదు.

ఇక తాడు, నెట్, ఫిల్మ్ ముక్కలు. ఇవి పశువు పొట్టలోకి వెళ్తే అరగవు, బయటికి రావు. ఏళ్ల తరబడి ఉండలు కట్టి మేత తినడం తగ్గి, పాలు తగ్గి, ఆఖరికి ఆపరేషన్ దాకా తెస్తాయి. కుప్ప పక్కనే ఒక బస్తా వేలాడదీసి, రోల్ విప్పిన ప్రతిసారీ తాడంతా అందులో వేయండి. ముడి దగ్గర కోసి లాగితే ఒకే పోగుగా వస్తుంది, రెండు మూడు చోట్ల కోస్తే ముక్కలు గడ్డిలో కలుస్తాయి.